ఏడాదికి ఒక వారం

మిస్ లియొనోరా డేల్ మా ఇంటికి ఎప్పుడు వచ్చినా ఆదివారం మధ్యాహ్నం రైలుకి వచ్చి, మళ్ళీ ఆదివారం పొద్దున రైలుకి పోయేది. నాటక కంపెనీల రివాజు అది, వారానికో ఊరు. అలాంటి మనిషి, జర్మనీతో యుద్ధం మొదలయ్యాక రెండో వేసవిలో, మంగళవారం పూట, చెప్పాపెట్టకుండా మా గుమ్మంలో ప్రత్యక్షమైంది. వెనక బండివాడు పెట్టెలు దించుతున్నాడు.

"ఈసారి వారం కాదమ్మా. చలికాలం దాకా ఉంటాను," అంది.

మా అమ్మ ఆ పెట్టెల వంక చూసి, "గది ఖాళీ లేదు," అంది.

పచ్చి అబద్ధం. మగ నటులు సగంమంది సైన్యంలో చేరి, కంపెనీలు మూతపడి, మా మేడ మీద గదులన్నీ ఎలకలకి అద్దెకిచ్చినట్టు ఉన్నాయి. ఇంగ్లండులో హల్ రేవులో, చేపల ఓడలు ఆగే డాకు వెనక టార్లింగ్ వీధిలో మా ఇల్లు. అమ్మ నాటకాల వాళ్ళకి తప్ప ఎవరికీ గది ఇచ్చేది కాదు. దేశంలో ఉన్న నటులందరూ, ముసలి హాస్యగాళ్ళతో సహా, మిసెస్ బ్లెన్కిన్ అనడం మానేసి 'అమ్మా' అనే పిలిచేవారు. అందువల్ల నాకు చిన్నప్పటినుంచీ మీసాలున్న అన్నదమ్ములు చాలామంది ఉండేవారు.

"నాటకాలు మానేశాను. గాయపడ్డ సిపాయిల ఆసుపత్రికి చందాలు పోగుచేసే కమిటీలో చేరాను. వాళ్ళు నన్ను ఈ ఊరికి వేశారు," అంది మిస్ డేల్.

"వేశారా, వేయించుకున్నావా?" అంది అమ్మ.

ఆవిడ టోపీకున్న సూది తీసింది. అమ్మ పక్కకి తప్పుకుంది. పెట్టెలు నేను మోశాను. మా ఇంట్లో ఎవరి మీద ఎవరికి కోపమొచ్చినా పెట్టెలు మోసేది నేనే.

అమ్మ భయం గది గురించి కాదు, మా క్లెమ్ గురించి. క్లెమ్ నాకు తమ్ముడు, అమ్మకి కొడుకు, వీధంతటికీ అంతే తెలుసు. కానీ వాణ్ణి కన్నది మిస్ డేల్. కంపెనీలో కథానాయిక వేషాలు వేసే పిల్లకి పెళ్ళికాకుండా బిడ్డ పుడితే వేషాలూ పోతాయి, పరువూ పోతుంది. అలాంటి బిడ్డలు ఏ ఊళ్ళో ఏ అద్దెగదుల ఇంట్లో పెరుగుతున్నారో నాటకాల వాళ్ళకి తెలుసు, పైకి ఎవరూ అనరు. నాకప్పుడు ఆరేళ్ళు. అమ్మ కొన్నాళ్ళు తన చెల్లెలి ఊరికి పోయి బిడ్డనెత్తుకుని వచ్చింది. వీధి నమ్మింది. మా నాన్న చేపల ఓడ మీద ఏడాదిలో సగం సముద్రంలోనే ఉండేవాడు. ఒడ్డుకి వచ్చి ఉయ్యాల చూసి, తల గోక్కుని, సరేనన్నాడు. ఆ తర్వాత రెండేళ్ళకి సముద్రం ఆయన్ని తనదగ్గరే ఉంచేసుకుంది.

మిస్ డేల్ కంపెనీ మా ఊరికి ఏడాదికి ఒకసారి వచ్చేది. ఆ వారం రోజులూ ఆవిడ మా బల్ల దగ్గర కూర్చుని, చేపా బంగాళదుంపా తింటూ, వాడి వైపు తల తిప్పకుండా వాణ్ణే చూసేది. వచ్చినప్పుడల్లా వాడికి ఏదో ఒక చొక్కా, బూట్లు తెచ్చేది. ఒక్కటీ సరిపోయేది కాదు. పోయినేడాది చూసిన పిల్లాడి కొలతకి కొనేది మరి. అమ్మ వాటిని పక్కింటి చిన్నపిల్లలకి ఇచ్చేసేది. నాకైతే ఏడాదికో రిబ్బను తెచ్చేది. రిబ్బనుకి కొలతలుండవు కాబట్టి నాకు ఆవిడంటే ఇష్టమే.

ఆ వేసవికి వాడికి పంతొమ్మిదేళ్ళు. డాకులో ఐసు మిల్లులో పని చేసుకుంటున్న వాణ్ణి సైన్యం పిలిచింది. ఊరికి దగ్గర్లోనే శిబిరంలో తుపాకీ పట్టడం నేర్పిస్తున్నారు. కొన్ని ఆదివారాలు ఇంటికి పంపేవారు. ఆ శిక్షణ అయ్యాక ఫ్రాన్సులో యుద్ధానికి. మిస్ డేల్ ఎందుకు వచ్చిందో అర్థం చేసుకోడానికి పెద్ద తెలివి అక్కర్లేదు.

*

చందాలు పోగుచేయడం అంటే డబ్బా పట్టుకుని వీధులు తిరగడమనుకున్నాను. డబ్బా నేను పట్టుకున్నాను, నిజమే. కానీ ఆవిడ చేసింది వేరు. పొద్దున్నే డాకులో చేపల వేలం ముగిసే వేళకి, బోర్లించిన చేపల పెట్టె ఎక్కి నిలబడేది. పాత నాటకంలో రాణి వేసుకున్న ఊదారంగు శాలువా భుజాల మీద ఉండేది. దానికి చిమటలు పెట్టిన చిల్లులు దూరానికి కనిపించేవి కావు. ఎవరో ఒక వర్తకుడు మంచి కాడ్ చేప ఒకటి దానమిచ్చేవాడు. దాన్ని రెండు చేతులతో ఎత్తిపట్టి వేలం పాడేది. కొన్నవాడు డబ్బులు నా డబ్బాలో వేసి, చేపని తిరిగి ఆవిడకే ఇచ్చేయాలి. మళ్ళీ అదే చేప వేలం. పొద్దెక్కేదాకా ఒకే చేపని అమ్మేది.

"ఆ చేప నాకన్నా ముసలిదైపోయిందండీ, మిస్!" అని అరిచేవాడు ఓడల్లోంచి సరుకు దించే కూలీ ఒకడు.

"నా కన్నా కాదుగా! మాటలాపి పాట పాడు!"

"కొంటే చేప ఇస్తారా, మిమ్మల్నిస్తారా?"

"నన్ను కొనాలంటే నీ పెళ్ళాం చేత సంతకం పెట్టించి తీసుకురా!"

నవ్వులు. ఆ నవ్వు పూర్తిగా తగ్గకముందే చేపని కిందికి దించి, గొంతు తగ్గించేది. అంత గోలలోనూ అందరూ దగ్గరికి జరిగేవారు. అప్పుడు ఆ మాట అనేది.

"నాకు ఇవ్వడానికి కొడుకు లేడు. ఉన్నది ఈ గొంతొక్కటే. అది ఇచ్చేశాను. ఇక మీరేమిస్తారు?"

వలలు అల్లే ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకుని ఏప్రాన్ జేబుల్లో దాచుకున్నవి తీసి వేసేవారు. ఆ మాటతోనే డబ్బా బరువెక్కేది. వారం తిరిగేసరికి డాకులో పిల్లా పెద్దా అందరికీ అది కంఠతా వచ్చేసింది. మా వీధి పెగ్ టాడ్ అయితే, వల అల్లుతూ తనలో తను అనుకునేది కూడా.

ఒక శనివారం ఆవిడ ఆ మాట అంటుండగా జనం వెనక ఖాకీ బట్టల్లో క్లెమ్ నిలబడి ఉన్నాడు. సెలవు ఒకరోజు ముందే దొరికిందట. అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టాడు. ఇంటికి నడుస్తూ ఆవిడ చేతిలోంచి చేప అందుకుని భుజాన వేసుకున్నాడు.

"మిస్ డేల్, మీరలా అంటుంటే నాకు మీ కొడుకునైపోవాలనిపించింది," అన్నాడు.

నేను నేల చూశాను. ఆవిడ రెండు అడుగులు నడిచి, "ఆ చేప కంపుకి నీ చొక్కా పాడవుతుంది, పక్కకి పట్టుకో," అంది.

"అమ్మ తిడుతుందంటారా?"

"తిడుతుంది."

"అక్కా, నువ్వు చెప్పకు," అన్నాడు వాడు నాతో. ఆ రోజు వాడికి భుజాలు అంత వెడల్పున్నాయని నేను మొదటిసారి గమనించాను. ఆవిడ చూపు కూడా అక్కడే ఉంది. ఎండాకాలం అంతా కూర్చుని అల్లిన ఉన్ని చొక్కా ఆ ఆదివారం వాడికి ఇచ్చింది. మొట్టమొదటిసారి సరిగ్గా సరిపోయింది. వాడు అద్దంలో అటూ ఇటూ తిరిగి చూసుకుంటుంటే ఆవిడ ఏదో మర్చిపోయినట్టు మేడ మీదికి వెళ్ళి చాలాసేపు కిందికి రాలేదు.

*

ఆగస్టు చివర క్లెమ్ ఆఖరి సెలవు మీద వచ్చాడు. మర్నాడు రైలు. ఆ సాయంత్రం వాడు స్నేహితులతో బయటికి వెళ్ళాడు. అమ్మ వాడి చొక్కాలు ఇస్త్రీ చేస్తోంది. నేను దుంపలు చెక్కు తీస్తున్నాను. మిస్ డేల్ వంటింట్లోకి వచ్చి తలుపు వేసింది.

"రేపు పొద్దున వాడికి చెప్పేస్తానమ్మా."

అమ్మ ఇస్త్రీపెట్టె పొయ్యి మీద పెట్టి, రెండోది తీసుకుంది. "చెప్పి?"

"చెప్పి ఏముంది. వాడికి తెలియాలి."

"వాడికి తెలియాలా, నీకు చెప్పుకోవాలనుందా?"

"రెండూ."

"పళ్ళొచ్చినప్పుడు భుజాన వేసుకుని తిరిగావా? దగ్గొచ్చి నీలుక్కుపోయినప్పుడు ఆవిరి పట్టావా? ఎవర్ని చూసి అమ్మా అంటూ నడిచొచ్చాడు?"

"మిమ్మల్ని చూసి. కాదన్నానా ఏనాడైనా?" మిస్ డేల్ కుర్చీ వీపు పట్టుకుంది. "ఏడాదంతా ఊళ్ళు తిరిగేదాన్ని. ప్రతి ఊళ్ళో వాడి ఈడు పిల్లాడు ఎవడైనా కనిపిస్తే వెనకాల నడిచేదాన్ని. వాడింత ఉంటాడా, వాడింత ఉంటాడా అని. నాకు మీ కొడుకు వద్దమ్మా. ఒక్కసారి తెలిస్తే చాలు. వాడు నన్ను చూసి తిట్టినా సరే."

ఇస్త్రీపెట్టె కింద చొక్కా కమిలిన వాసన వచ్చింది. అమ్మ చేతిలో బట్ట కమలడం నేను అదే చూడటం.

"చూడమ్మాయ్," అంది చివరికి. "రేపు రైలెక్కి పోయేవాడు. నువ్వు చెప్పిన మాట బుర్రలో గిర్రున తిరుగుతుంటే అక్కడ తల ఎప్పుడు వంచాలో చూసుకోడు. తిరిగి రానీ. వచ్చాక చెప్పుకో. నేను అడ్డు రాను. పక్కన కూర్చుని నేనే చెప్పిస్తాను."

"మాటేనా?"

"మాటే."

మిస్ డేల్ కూర్చుని నా చేతిలో కత్తి తీసుకుని దుంపలు చెక్కడం మొదలెట్టింది. మందంగా చెక్కింది, సగం దుంప తొక్కతోనే పోయింది. ఒకడి కోసం ఇద్దరు తల్లులు పోట్లాడుకుంటున్నారు, నా కోసం ఒక్కరైనా ఇస్త్రీపెట్టె మర్చిపోతారా అనిపించింది. అనిపించిందని ఇప్పుడు చెప్తున్నాను, అప్పుడైతే దుంపలు కడిగాను.

స్టేషనులో క్లెమ్ అమ్మని కౌగిలించుకున్నాడు, నా జుట్టు పట్టి లాగాడు. మిస్ డేల్ దగ్గరికి వచ్చేసరికి ఏం చేయాలో తోచక టోపీ సర్దుకుని చెయ్యి చాపాడు. ఆవిడ ఆ చెయ్యి అందుకుంది.

"చొక్కాకి థాంక్సండీ, మిస్ డేల్. మీ చేపకి మంచి ధర రావాలి," అన్నాడు.

"వస్తుంది," అంది ఆవిడ. రైలు కదిలాక కూడా ఆ చెయ్యి అలాగే ముందుకి పెట్టుకుని నిలబడింది.

*

సెప్టెంబరు ముగిసేలోగా సైన్యం నుంచి కాగితం వచ్చింది. పోస్టుమాను దాన్ని తలుపు సందులో వెయ్యలేదు, తలుపు కొట్టి చేతికిచ్చాడు. అప్పుడే అర్థమైపోయింది. అమ్మ దాన్ని నాకిచ్చి, చదవమని, నేను మొదటి మాట చదవగానే ఆపమంది. తర్వాత, "డాకుకి పో. ఆవిడ వేరే ఎవరి నోటంటా వినకూడదు," అంది.

నేను వెళ్ళేసరికి మిస్ డేల్ పెట్టె మీద నిలబడి చేపని ఎత్తిపట్టి ఉంది. నేను డబ్బా లేకుండా, తలకి ఏమీ కట్టుకోకుండా జనంలోంచి దూసుకువచ్చి కింద నిలబడ్డాను. నా మొహం చూసింది. పాట ఎంతలో ఉందో అంతలోనే ముగించి, కొన్నవాడికి తల వంచి, చేపని వాడి చేతుల్లోనే వదిలేసి దిగింది. వాడు దాన్ని పట్టుకుని ఏం చేయాలో తెలియక అలాగే నిలబడ్డాడు.

"అమ్మ దగ్గర ఎవరున్నారు?" అని మాత్రం అడిగింది.

మేం వచ్చేసరికి వీధి వీధంతా మా వంటింట్లో ఉంది. అమ్మని పొయ్యి దగ్గర కుర్చీలో కూర్చోబెట్టారు. ఒకళ్ళు భుజాలు నిమురుతున్నారు, ఒకళ్ళు కాళ్ళ దగ్గర కూర్చున్నారు, ఒకళ్ళు ఏడుస్తున్నారు. మిస్ డేల్ గుమ్మంలో నిలబడింది. అద్దెకున్న మనిషికి అక్కడ చోటేముంటుంది? కాసేపు చూసి, కెటిల్ తీసుకుని నీళ్ళు పెట్టింది. ఆ రోజు మా ఇంటికి వచ్చిన వాళ్ళందరికీ టీ కాచి పోసింది ఆవిడే. కప్పులు చాలకపోతే కడిగి మళ్ళీ పోసింది.

పెగ్ టాడ్ కప్పు అందుకుంటూ ఆవిడ మోచెయ్యి తట్టింది. "మీరూ ఎరుగున్నవాడే గదండీ పాపం."

"ఏడాదికి ఒక వారం," అంది మిస్ డేల్.

అమ్మ ఆ కుర్చీలోంచి ఆవిడ వైపు ఒకసారి చూసింది. నోరు తెరిచింది. చుట్టూ ఉన్న వాళ్ళని చూసి మూసుకుంది. ఆ రోజు నాకు ఇద్దరి మీదా జాలేసింది, ఎవరి మీద ఎక్కువో ఇప్పటికీ తేల్చుకోలేదు.

*

ఆ ఏడు మా ఊళ్ళో వీధి వీధికీ స్మారకాలు వెలిశాయి. చర్చి కట్టించినవి కావు, వీధి వాళ్ళే డబ్బులేసుకుని చేయించినవి. గోడకి ఒక చెక్క పలక, దాని మీద ఆ వీధినుంచి యుద్ధానికి పోయిన కుర్రాళ్ళ పేర్లు, చచ్చిపోయిన వాళ్ళ పేరు పక్కన చిన్న సిలువ, కింద పూలు పెట్టడానికి అర. పలక పెట్టే రోజున పేర్లు ఇంటి వరసలో చదివేవారు. పేరు చదవగానే ఆ కుర్రాడి తల్లి ముందుకి వచ్చి అర మీద సీసాలో పూలు పెట్టి వెళ్ళేది. తల్లి లేకపోతే పెళ్ళాం. ఇంకెవరూ రాకూడదు. ఆ పద్ధతి ఎవరు పెట్టారో తెలియదు గానీ ప్రతి వీధిలోనూ అదే.

మా వీధిది అక్టోబరులో పెట్టారు. పేర్లు మిస్ డేల్ చదవాలని ఆడవాళ్ళందరూ పట్టుబట్టారు.

"పాస్టరుగారి గొంతు మూడో ఇల్లు దాటదండీ," అంది పెగ్ టాడ్. "మీరైతే సముద్రంలో ఉన్నోళ్ళకి కూడా వినపడుద్ది."

అమ్మ వద్దనలేకపోయింది. ఏమని వద్దంటుంది?

ఆవిడ నల్ల గౌను వేసుకుని వచ్చింది. శాలువా లేదు. కుర్చీ ఎక్కి పేర్లు చదివింది. ఒక్కొక్క తల్లీ వచ్చి పూలు పెట్టి వెళ్తోంది. మా ఇంటి వంతు వచ్చింది.

"క్లెమెంట్ బ్లెన్కిన్."

మిగతా పేర్లు చదివినట్టే చదివింది. అమ్మ నా చెయ్యి వదిలి ముందుకి నడిచింది, పూలు పెట్టింది, ఒకసారి పలకని ముట్టుకుని వెనక్కి వచ్చింది. అమ్మ తన చోటికి చేరేదాకా మిస్ డేల్ ఆగింది. తర్వాతి పేరు చదివింది. నా వెనకాల ఎవరో, "ఎంత నిబ్బరమో చూడు. పిల్లాజెల్లా లేనోళ్ళకి బాధేంటిలే," అన్నారు.

పేర్లయ్యాక ఆసుపత్రికి చందా అడగాలి. ఆవిడ అడిగింది. బాగానే మాట్లాడింది. కానీ ఆ మాట అనలేదు. ముగించి కుర్చీ దిగబోతుంటే జనంలో కదలిక వచ్చింది. అందరూ దానికోసమే ఎదురుచూస్తున్నారు.

"అది మర్చిపోయారండీ!" అంది పెగ్ టాడ్. పాపం, మంచిగానే అంది. పాత్రధారి మాట మర్చిపోతే అందిస్తున్నాననుకుంది. "నాకు ఇవ్వడానికి కొడుకు లేడు... అదండీ!"

"అవునండీ, అది చెప్పండి!" అన్నారు మిగతావాళ్ళు.

మిస్ డేల్ మా అమ్మ వైపు చూసింది. ఆ చూపులో కోపం ఉంటుందనుకుని భయపడ్డాను. లేదు. అనుమతి అడుగుతున్నట్టుంది. అమ్మ పక్కన వీధంతా ఉంది, ముందు పలక మీద మా ఇంటి పేరుతో వాడి పేరుంది.

ఆవిడ మళ్ళీ కుర్చీ ఎక్కింది.

"నాకు ఇవ్వడానికి కొడుకు లేడు," అంది. డాకులో ఎలా అనేదో అచ్చం అలాగే, ఒక్క అక్షరం తేడా లేకుండా. "ఉన్నది ఈ గొంతొక్కటే. అది ఇచ్చేశాను. ఇక మీరేమిస్తారు?"

నేను డబ్బా పట్టుకుని తిరిగాను. అంత బరువు ఎప్పుడూ మోయలేదు.

*

ఆ తర్వాత అమ్మ సరిగ్గా తిన్నది లేదు. మిస్ డేల్ తన గదిలోంచి దిగి, గుడ్ మార్నింగ్ చెప్పి, పనికి వెళ్ళి వచ్చేది. ఇద్దరూ ఒకరికొకరు ఉప్పు అందించుకునేవారు, టీ పోసుకునేవారు. అంతకు మించి మాట లేదు. నవంబరులో కమిటీ ఆవిణ్ణి లీడ్స్ వెళ్ళమంది. ఈసారి నిజంగానే వేశారు. పెట్టెలు నేనే కిందికి దించాను.

ఆవిడ బయల్దేరే రోజు పొద్దున పోస్టులో ఒక పొట్లం వచ్చింది. గోధుమరంగు కాగితం, సుతిలి తాడు, సైన్యం ముద్ర. అమ్మ దాన్ని బల్ల మీద పెట్టి ఎదురుగా కూర్చుంది. మిస్ డేల్ టోపీ పెట్టుకుని, సెలవు చెప్పడానికి వంటింట్లోకి వచ్చింది.

"బండి వచ్చింది. వెళ్ళొస్తానమ్మా."

"కూర్చో," అంది అమ్మ. పొట్లాన్ని బల్ల మీద ఆవిడ వైపు నెట్టింది. "నీ కొడుకు సామాన్లు."

పంతొమ్మిదేళ్ళలో అమ్మ నోట ఆ మాట నేను వినలేదు. మిస్ డేల్ కూడా వినలేదు. కూర్చోడం మర్చిపోయి నిలబడింది.

"తిరిగొచ్చాక చెప్పుకోమన్నాను," అంది అమ్మ. "ఇదే తిరిగొచ్చింది. విప్పు."

ఆవిడ కూర్చుని చేతి తొడుగులు తీసి ముడి విప్పింది. నేను కత్తి ఇవ్వబోతే వద్దంది. గోళ్ళతోనే నిదానంగా విప్పింది. లోపల జేబుకత్తి, దువ్వెన, మౌతార్గాన్, అమ్మ అల్లిన మేజోళ్ళు. ఉన్ని చొక్కా లేదు. దాంతోనే పూడ్చి ఉంటారు. అన్నిటికింద ఒక కార్డు ఉంది, నటి బొమ్మ అచ్చు వేసినది. ఆ రోజుల్లో సిపాయిలు అలాంటివి జేబుల్లో పెట్టుకునేవారు. మిస్ డేల్ బొమ్మలు కూడా ఒకప్పుడు కొట్లలో అమ్మేవారు.

ఆవిడ గబుక్కున దాన్ని వెలుతురుకి పట్టుకుంది. ఆ చూపులో ఆశ కనిపించింది. ఆవిడ కాదు. ఎవరో లండన్ పిల్ల, పూల టోపీ పెట్టుకుని పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతోంది. కార్డు మూలలు అరిగి మెత్తబడిపోయాయి.

అమ్మ కూడా చూసింది. "వాడికి తెలీదు కదే, నెలీ," అంది. ఆవిడ అసలు పేరు అది. ఆ పేరు అమ్మకి ఇంకా గుర్తుందని నాకు తెలియదు.

"తెలీదు," అంది ఆవిడ.

"ఏదో ఒకటి తీసుకో. మౌతార్గాన్ తీసుకో, రాత్రీపగలూ ఊదేవాడు. కత్తి తీసుకో."

మిస్ డేల్ అన్నిటినీ ఒక్కొక్కటిగా ముట్టుకుంది. దువ్వెనని, మేజోళ్ళని, కత్తిని వరసగా పేర్చి అమ్మ వైపు జరిపింది. బయట బండివాడు కేకేశాడు. ఆవిడ లేచి, ఆ లండన్ పిల్ల కార్డుని సంచిలో పెట్టుకుంది.

"అది దేనికే?" అంది అమ్మ.

"అక్కడ వాడు రోజూ చూసుకున్న మొహం ఇదేగా," అంది ఆవిడ.